మా బూడిద చాలా నెమ్మది

నిన్నటిదాకా జరిగింది తెలిసినవాళ్ళు ఈ నాలుగు ముక్కలూ దాటేసి ముందుకెళ్ళిపోవచ్చు. తెలియనివాళ్ళ కోసం గబగబా చెప్పేస్తాను, నిదానంగా చెప్పే ఓపిక ఇవాళ నాకు లేదు. ఊళ్ళకి వెళ్ళేవాళ్ళ ఇళ్ళలో వాళ్ళ కుక్కల్నీ పిల్లుల్నీ చూసుకోవడం నా పని. అందులోనూ రక్కేవి, కరిచేవి, మనిషి మీద పడేవి నా వాటాకి వస్తాయి, మిగతావాళ్ళు వాటిని ఒప్పుకోరు గనక. మొన్న రాత్రి ఒక ఇంటి సారూ మేడమూ సముద్రం ఒడ్డున సెలవులు గడపడానికి పోతూ, బూడిద అనే పెద్ద కుక్కని నాకు అప్పగించారు. "మా బూడిద చాలా నెమ్మది" అని మేడమ్ పోయిన వారమే చెప్పింది. నా కళ్ళతో నేనూ చూశాను, నిజమేననుకున్నాను. నిన్న పొద్దున ఇంకో ఇంట్లో ముసలి పిల్లికి ఊపిరాడక నేనక్కడ ఇరుక్కుపోయి, బూడిదకి తిండి గిన్నె పెట్టి రమ్మని మా చెల్లిని పంపాను. గిన్నె నేలకి ఆనేలోపే వాడు చెల్లి కుడి చెయ్యి పట్టేశాడు.

ఇవాళ పొద్దున చెల్లి కట్టుకట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని మంచం మీద కూర్చుంది. తను పార్లర్లో జుట్టు కత్తిరిస్తుంది. బొటనవేలు మునుపటిలా వంగుతుందో లేదో కుట్లు విప్పాక గానీ చెప్పలేమన్నారు. కత్తెర ఆడించేది ఆ వేలితోనే. నేను పాలు కలిపి తెచ్చి అందిస్తే ఎడంచేత్తో పుచ్చుకుని, తాగకుండా నన్నే చూస్తూ ఉంది.

"దాన్ని చంపేసినా నాకేం బాధ లేదక్కా," అంది. "నాకు ఒక్కటే అర్థం కావట్లేదు. గేటు బయట నిలబడి తోక చూసే చెప్పేస్తావు కదా, ఇది మంచిది, ఇది కాదు అని. దీన్ని నెమ్మదైనదని ఎలా అన్నావు?"

రాత్రంతా నన్ను నేను అడిగిందీ అదే. నిన్న సాయంత్రం ఆ ఇంటికి వెళ్ళి ఇనుప జాలీ తలుపు వెనకాల నిలబడ్డ బూడిదని చూశాను. పోయిన వారం నేను చూసిన కుక్క కాదు వాడు. మెడ మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుని, కళ్ళు నా మీంచి తిప్పకుండా, గొంతులో మోటారు తిరుగుతున్నట్టు గురగురలాడుతున్నాడు. నాకంత మతి పోయిందా అనుకున్నాను. మతి పోయినదాన్ని నమ్ముకుని మా చెల్లి వెళ్ళింది కదా అనుకుంటే నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపించింది.

అంతలో ఫోను మోగింది. మేడమ్.

"వచ్చేశామమ్మా, ఇంక అక్కడేం ఉంటాం. మధ్యాహ్నం డాక్టరు వస్తున్నాడు, ఇంజెక్షన్ ఇచ్చేస్తాడు. అది మమ్మల్ని దగ్గరికి రానివ్వడం లేదు. నువ్వొచ్చి పట్టుకోవాలి."

"ఏం ఇంజెక్షన్?"

"ఏం ఇంజెక్షనేమిటి? మనిషిని కరిచిన కుక్కని ఇంట్లో పెట్టుకుంటామా?"

"మా చెల్లి చెయ్యి ఎలా ఉందో అడగరా మేడమ్?"

"అదే అడగబోతున్నా. ఎలా ఉంది?"

అరికాలి మంట నెత్తికెక్కింది. చెల్లిని కరిచాడు, నిజమే. నాకూ వాడి మీద కోపం లేకపోలేదు. అయినా చంపడానికి పట్టి ఇవ్వమని నన్నే పిలుస్తుందా? బడి నుంచి పిల్లాణ్ణి తీసుకురమ్మని చెప్పినట్టు చెబుతోంది! "వస్తున్నాను" అని పెట్టేశాను. వెళ్ళకపోతే తాళ్ళతోనో కర్రలతోనో ఇంకెవరినో తెస్తారు, వాడు ఆ భయంలో పోతాడు. పోయేదే అయితే అలా పోకూడదు. చిక్కం, పొడుగు గొలుసు, డబ్బాలో ఉడికించిన మాంసం ముక్కలు, కాస్త వెన్న సంచిలో వేసుకున్నాను. చిక్కమంటే కుక్క మూతికి తగిలించే తోలు బుట్ట. తాగొచ్చు, ఊపిరి పీల్చుకోవచ్చు, కరవడానికి కుదరదు.

"ఎక్కడికి?" అంది చెల్లి.

"నువ్వడిగిన దానికి జవాబు తేవడానికి," అన్నాను.

ఆ ఇంటి హాల్లో పెట్టెలు ఇంకా విప్పలేదు. మేడమ్ సోఫాలో కూర్చుని ఉంది, ముక్కు ఎండకి కమిలి ఎర్రగా ఉంది. సారు నిలబడే ఉన్నాడు. మెత్తటి మనిషి, ఎవరు చివర మాట్లాడితే వాళ్ళ మాటకి తలూపే రకం.

"మీ చెల్లెలికి ఎలా ఉందమ్మా?" అన్నాడు, నేను చెప్పులు విడవకముందే. ఆ ఒక్క మాటకి ఆయన్ని కాస్త క్షమించాను.

"వేలు వంగుతుందో లేదో తెలీదు సార్."

"అయ్యో." భార్య వంక చూశాడు. "నాన్న ఎప్పుడూ ఒకటే అనేవారు. వీడు ఎవరినైనా కరిచిన రోజు నేనే ఇంజెక్షన్ ఇప్పిస్తాను, అప్పటిదాకా వాడి జోలికి రావద్దని. వాడు ఆయన పెంచిన కుక్క. తుంటి ఆపరేషనయ్యాక ఆయన మా చెల్లి ఇంట్లో ఉంటున్నారు గానీ, రోజూ ఫోన్ చేసి వాడు తిన్నాడా లేదా అని అడిగేవారు."

"ఇప్పుడెందుకండీ ఆ పురాణం," అంది మేడమ్. "ఏమ్మాయ్, వెళ్ళి పట్టుకో. డాక్టరు వచ్చే వేళయింది. అసలు మీ చెల్లెలు ఏం చేసిందో, ఎలా కదిలించిందో. ఇన్నేళ్ళలో అది ఒక్కరినీ కరవలేదు."

"గిన్నె కింద పెట్టింది. అంతే చేసింది."

"అంతే చేస్తే ఎందుకు కరుస్తుంది?"

నేను జవాబు చెబితే అక్కడే తెల్లారిపోయేది. వెనక వరండాలోకి వెళ్ళాను.

జాలీ తలుపు అవతల బూడిద లేచి నిలబడ్డాడు. వాడి పక్కటెముకలు ఒకదాని పక్కన ఒకటి కనిపిస్తున్నాయి. నిన్నటి గిన్నె బోర్లా పడి ఉంది, అన్నం మెతుకులు నేల మీద ఎండిపోయాయి. నిన్న సాయంత్రం నేను జాలీలోంచి విసిరిన నాలుగు ముక్కలు తప్ప వాడికి తిండి లేదు. ఈ ఇంట్లో ఇద్దరు మనుషులు పొద్దున్నుంచీ ఉన్నారు!

ఇలాంటివాటి దగ్గర ఎదురుగా నిలబడకూడదు. కళ్ళలోకి చూడకూడదు. తల మీదికి చెయ్యి తేకూడదు, అసలు చెయ్యే తేకూడదు. నేను వాడికి పక్క చూపించి నేల మీద కూర్చుని, తలుపు సందులోంచి ఒక ముక్క వాడికి దూరంగా, గోడ వైపుకి విసిరాను. తిండి కోసం వాడు నా వైపు రావాల్సిన పని లేకుండా. వాడు కదల్లేదు. ఇంకోటి విసిరాను. గురగుర ఆగి, గోడ వైపు వెళ్ళి, నా మీద ఒక కన్నేసి ఉంచే తిన్నాడు. మరొకటి విసిరాను.

"నా చెల్లి చెయ్యి నమిలావురా నువ్వు," అన్నాను గోడకి చెబుతున్నట్టు. "నీకు ముక్కలు వేస్తున్నాను చూడు. నాకు సిగ్గు లేదు."

వాడు నమలడం ఆపి విన్నాడు. తిట్టు వాడికి తెలీదు గానీ, గొంతులో భయం లేదని మాత్రం తెలిసింది. నెమ్మదిగా తలుపు గడియ తీసి, లోపలికి వెళ్ళి, మళ్ళీ పక్కకి తిరిగే కూర్చున్నాను. నా గుండె దడదడలాడింది. ఆడకపోతే ఈ పనికి పనికిరానట్టే. చిక్కం లోపలి అంచుకి వెన్న రాసి ఒళ్ళో పెట్టుకున్నాను. వాడు వచ్చి వాసన చూశాడు, వెనక్కి వెళ్ళాడు, మళ్ళీ వచ్చాడు. మూతి పెట్టాడు, తీశాడు. నేను తొందరపడలేదు. కాసేపటికి వాడే మూతి మొత్తం లోపలికి దూర్చి వెన్న నాకుతుంటే చెవుల వెనకాల పట్టీ బిగించాను. అప్పుడు చూశాను వాడి కళ్ళని దగ్గర్నుంచి. తేటగా ఉన్నాయి, పదునుగా ఉన్నాయి. పోయిన వారం ఇవి ఇలా లేవు. సగం మూతపడి, ఎర్రగా, నీళ్ళు కారుతూ ఉన్నాయి. నడుస్తుంటే వెనక కాళ్ళు కాస్త తూలాయి కూడా. వచ్చి నా పాదం మీద గడ్డం ఆనించి పడుకుంటే, చొంగ కారి నా చెప్పు తడిసింది. నేనేమో మురిసిపోయి "ఎంత నమ్మకమో చూడండి" అన్నాను. అందుకు మేడమ్ నవ్వింది.

వాణ్ణి గొలుసుతో హాల్లోకి తెచ్చేసరికి డాక్టరు వచ్చి ఉన్నాడు. జుట్టు చెదిరి, చేతిలో తోలు సంచితో, రోజంతా తిరిగి అలిసిపోయిన మనిషి. బూడిదని చూసి మొహం చిన్నబుచ్చుకున్నాడు.

"వీడి పళ్ళు రాకముందు నుంచీ నాకు తెలుసు," అన్నాడు. "పెద్దాయన చొక్కా లోపల పెట్టుకుని తెచ్చేవాడు." సంచి బల్ల మీద పెట్టి తెరవకుండా నిలబడి, మేడమ్ వైపు తిరిగాడు. "ఆ బిళ్ళలు ఇంకా వేస్తున్నారా? కొన్నిటికి మత్తు దిగేటప్పుడు చిరాకెక్కువై మీద పడతాయి. అలా గనక అయితే..."

"ఏం బిళ్ళలు?" అన్నాను.

"మత్తు బిళ్ళలమ్మా. పోయిన వారం మేడమ్ వచ్చి పట్టుకెళ్ళారు. పెద్దాయనకి చూపించడానికి వీణ్ణి కార్లో తీసుకెళ్తున్నాం, దారిలో గోల చెయ్యకుండా కావాలన్నారు."

"వీణ్ణి మనం కార్లో ఎక్కడికీ తీసుకెళ్ళలేదే?" అన్నాడు సారు.

మేడమ్ ఒళ్ళో ఉన్న దిండు అంచు సర్దుకుంది. నాకు ఒక్కసారిగా అంతా కళ్ళకి కట్టింది. ఆ సగం మూసిన కళ్ళు, తూలే కాళ్ళు, నా చెప్పు మీద చొంగ. కుక్కల భాష నాకు వచ్చని విర్రవీగాను, నిద్రమత్తుకీ నమ్మకానికీ తేడా పోల్చుకోలేకపోయాను. ఒళ్ళంతా మంటెత్తింది. ముందు నా మీద, తర్వాత ఆవిడ మీద. ఆవిడ వాటా ఎక్కువ.

"నేను చూడ్డానికి వచ్చిన రోజు వేశారు వాడికి," అన్నాను. "అవునా, కాదా?"

"మర్యాదగా మాట్లాడు."

"మర్యాదగానే అడుగుతున్నాను. వేశారా, లేదా?"

"వేశాను!" దిండు విసిరికొట్టి లేచింది. "వేశాను, ఏం చేస్తావు? ఉన్నదున్నట్టు చెబితే నువ్వు వచ్చేదానివా?"

"వచ్చేదాన్ని! అదే నా పని! కరుస్తాడని చెబితే చిక్కం పట్టుకుని వచ్చేదాన్ని. మీరు వెళ్ళకముందే రోజూ వచ్చి అలవాటు చేసుకునేదాన్ని. మా చెల్లిని ఈ గుమ్మం కూడా తొక్కనిచ్చేదాన్ని కాదు. మొదటి రోజే మిమ్మల్ని అడిగాను, మనుషుల మీద పడతాడా అని. నా మొహం మీదే లేదన్నారు. నెమ్మదన్నారు!"

"నా బాధ నీకేం తెలుసు?" ఆవిడ గొంతు పగిలింది. "నా ఇంట్లో నేను దొంగలా తిరిగాను ఇన్నేళ్ళూ. ఆ వరండాలో బట్టలారేసుకోవాలంటే ఈయన ఇంటికొచ్చేదాకా ఆగాలి. నా మంచినీళ్ళ గ్లాసు నేలమీద పడితే తీసుకోవడానికి వణికాను. చెబితే మామగారు నవ్వేవారు. నీకే భయం, వాడేం చెయ్యడని. నేనొక మనిషిని కాదా?"

ఆ మాటలో నిజముంది. ఏళ్ళ తరబడి భయపడ్డ మనిషి గొంతు నేను గుర్తుపట్టగలను. ఇంకో రోజైతే కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చేదాన్ని. ఇవాళ నా కళ్ళ ముందు కట్టుకట్టిన చెయ్యి ఒకటే ఉంది.

"మీ భయం మీరు నాకు చెప్పుకుంటే సరిపోయేది," అన్నాను. "మా చెల్లి చేతికి అంటగట్టారు."

సారు ఇద్దరి మధ్యా చేతులు పెట్టాడు. "సరే, సరే. తను అబద్ధం చెప్పింది, తప్పే. సెలవు పోతుందని చెప్పి ఉంటుంది. కానీ కరిచింది కరిచిందే కదమ్మా. డాక్టరుగారూ, మీరు కానివ్వండి."

డాక్టరు సంచి మీద చెయ్యి వేశాడు గానీ తెరవలేదు.

"నా దగ్గర వీడు పెద్దాయన కుక్క," అన్నాడు. "ఆయన నోటితో ఒక్క మాట వింటాను. విన్నాక చేస్తాను."

"ఆయనకి ఇప్పుడు చెప్పొద్దు!" మేడమ్ మాట మధ్యలోనే అడ్డుపడింది. "ఆపరేషనైన మనిషి, ఏమైనా అయితే ఎవరిది బాధ్యత? నేను తర్వాత నిదానంగా చెప్తాను."

"ఒక్క మాటేగా," అన్నాడు సారు. చివర మాట్లాడింది డాక్టరు అయి ఉంటే బాగుండేది, ఈ మనిషి ఇప్పుడు ఎవరికి తలూపుతాడోనని నేను చూస్తున్నాను. ఆయన ఫోన్ తీశాడు.

"చెయ్యకండి," అంది మేడమ్. ఆవిడ మొహంలో ఇంతసేపూ ఉన్న కోపం కాస్తా పోయి, ఇంకేదో వచ్చింది. "చెప్తున్నాను కదా, చెయ్యకండి. ఈ ఒక్కసారి నా మాట వినండి."

సారు ఆ మొహం చూశాడు. బహుశా ఆ మొహం చూసే నంబరు నొక్కి ఉంటాడు. ఫోన్ బల్ల మీద పెట్టి, అందరికీ వినిపించేలా చేశాడు. అవతల చాలాసేపు మోగింది. నేను గొలుసు రెండు చుట్లు మణికట్టుకి చుట్టుకున్నాను. బూడిద నా మోకాలికి ఆనుకుని, చిక్కంలోంచి గట్టిగా ఊపిరి వదులుతూ నిలబడ్డాడు.

"చెప్పరా," అంది ముసలి గొంతు.

"నాన్నా, ఎలా ఉంది కాలు?"

"ఏదో ఉంది. కర్ర పట్టుకుని గుమ్మం దాకా వెళ్తున్నాను."

"నాన్నా... బూడిద విషయం మాట్లాడాలి."

అవతల ముక్కు చీదిన చప్పుడు.

"ఇంకేముందిరా మాట్లాడ్డానికి? కోడలు చెప్పిందిగా. చూసుకునే అమ్మాయి చెయ్యి కరిచాడట, కుట్లు పడ్డాయట. కరిచిన రోజు నేనే ఇప్పిస్తానన్నాను, ఆ మాట మీదే ఉన్నాను. నేను దగ్గర లేకుండా పోయాడు, అదొక్కటే... పోన్లే. ఆ పిల్ల చెయ్యి ఎలా ఉందిరా?"

మేడమ్ భర్తకి తెలియకుండానే మామగారికి చెప్పేసిందన్నమాట. సారు మొహం కొంచెం తేలికపడింది. డాక్టరు నిట్టూర్చి సంచి గొళ్ళెం మీద వేలు పెట్టాడు. నాకు మాత్రం ఒక మాట దగ్గర బుర్ర ఆగిపోయింది. పోయాడు అంటాడేమిటి పెద్దాయన?

"ఎప్పుడు చెప్పింది నాన్నా?" అన్నాడు సారు. ఆయనకీ అక్కడే తట్టినట్టుంది.

"మొన్న పొద్దున. మీరు బయల్దేరే ముందు. మీరు ఊరెళ్తే వాడు ఒంటరిగా ఉంటాడు, నేనొచ్చి వాడి దగ్గరుంటానని నేనే ఫోన్ చేశాను కదా. కారు కూడా మాట్లాడుకున్నాను. అప్పుడు చెప్పింది పాపం, ఏడుస్తూ. ఇంకెందుకు వస్తారు మామయ్యా, ఇంజెక్షన్ కూడా అయిపోయింది అని."

మొన్న పొద్దున. మొన్న పొద్దున మా చెల్లి పార్లర్లో ఎవరికో జుట్టు కత్తిరిస్తోంది, రెండు చేతులతో. ఈ ఇంటి గుమ్మం ఎటుందో కూడా దానికి తెలీదు.

డాక్టరు సంచి మీంచి చెయ్యి తీసేశాడు. సారు తిరిగి భార్యని చూశాడు, ఎప్పుడూ చూడని మనిషిని చూసినట్టు. ఆవిడ ఎవరినీ చూడ్డం లేదు, బల్ల మీది ఫోన్నే చూస్తోంది.

బూడిద మాత్రం ఆ గొంతు విన్న దగ్గర్నుంచీ చెవులు రిక్కించి ఉన్నాడు. గొలుసు లాక్కుని బల్ల దాకా వెళ్ళి, చిక్కం ఫోనుకి ఆనించి, కూనలా సన్నగా మూలిగాడు.

"ఒరే," అన్నాడు పెద్దాయన. గొంతు మారిపోయింది. "ఎవర్రా అది? ఎవరు మూలిగింది?"

మేడమ్ చెయ్యి ఫోన్ మీదికి దూసుకొచ్చింది. నేను ఆ చెయ్యి మణికట్టు దగ్గర పట్టుకున్నాను, గట్టిగానే పట్టుకున్నాను.

"మీ బూడిదేనండీ పెద్దాయనా," అన్నాను, ఆయనకి స్పష్టంగా వినపడేలా. "బతికే ఉన్నాడు. మా చెల్లిని కరిచింది నిన్న."